రెండు డాలర్ల డబ్బా కెమెరా: నూరేళ్ళ పెట్టెలో ఇవాళ్టి రీలు

మంచుఊరు | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేనుండేది న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్. వచ్చి పదకొండేళ్ళయింది. పోయిన వారం మా వీధి చివర ఒకరింట్లో గరాజ్ సేల్ పెడితే పిల్లల సైకిల్ కోసం వెళ్ళాను. అక్కడ పాత తాళాలూ గరిటెలూ ఉన్న అట్టపెట్టెలో ఒక నల్లటి డబ్బా కనిపించింది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. తోలు అనుకున్నాను, కాదు, అట్టకి తోలులాగా కనిపించే నల్లటి పొర అతికించారు. ముందువైపు మూడు గుండ్రటి కళ్ళు, పైన పట్టుకోవడానికి పట్టీ, పక్కన తిప్పే తాళంచెవి లాంటిది. పట్టీ మీద 'నం. 2 బ్రౌనీ' అని అచ్చు ఉంది. పన్నెండు డాలర్లిచ్చి తెచ్చుకున్నాను. మీటని కిందికి నొక్కితే టక్‌మంది, పైకి నెడితే మళ్ళీ టక్‌మంది. షట్టర్ బతికే ఉంది!

ఇది ఎప్పటిది? దీనికి రీలు ఇప్పుడు దొరుకుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. నిద్ర పట్టడం లేదు.

రీలుమాస్టారు | శనివారం రాత్రి 10:02

తమ్ముడూ, మంచి పని చేశావు. నేను ముప్ఫై నాలుగేళ్ళు స్టూడియో నడిపినవాణ్ణి, అందుకని ముందు రీలు సంగతి చెబుతాను. దొరుకుతుంది. ఆ కెమెరాకి పడేది 120 రీలు. అసలు 120 అనే సైజు పుట్టిందే నీ చేతిలో ఉన్న నం. 2 బ్రౌనీ కోసం, 1901లో. అప్పట్లో దాని ధర 2 డాలర్లు. ఆ తర్వాత వేల కెమెరాలు వచ్చాయి, పోయాయి, ఎన్నో సైజుల రీళ్ళు ఆగిపోయాయి, 120 మాత్రం ఇవాళ్టికీ ఫ్యాక్టరీలో తయారవుతూనే ఉంది. పెద్ద పెద్ద ప్రొఫెషనల్ కెమెరాల్లో వాడేదీ అదే.

ఒక పని చెయ్. లోపల ఖాళీ చుట్ట, అదే స్పూల్, ఉందో లేదో చూడు. లేకపోతే రీలు చుట్టుకోవడానికి చోటుండదు. పక్కనున్న తాళంచెవిని బయటికి లాగి, వెనక తలుపు తెరిస్తే లోపలి పెట్టె మొత్తం జారి బయటికి వస్తుంది. బలవంతం చేయకు, అట్ట కదా.

నీది అట్టదే అంటున్నావు గనక 1924 కంటే ముందుదే అయ్యే అవకాశం ఎక్కువ. 1924 నుంచి అల్యూమినియం ఒళ్ళు వేశారు.

పలకబలపం | ఆదివారం ఉదయం 6:35

రోచెస్టర్‌లో ఉంటూ ఈ ప్రశ్న అడగడం భలే ఉందండీ, ఎందుకంటే ఆ కథంతా మీ ఊరిదే. జార్జ్ ఈస్ట్‌మన్ మీ ఊళ్ళోని సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తా. ఇరవై నాలుగేళ్ళ వయసులో కరీబియన్ దీవుల్లోని శాంటో డొమింగోకి ప్రయాణం పెట్టుకుని, ఫొటోలు తీద్దామని సామాను కొన్నాడు. ఆ రోజుల్లో సామాను అంటే సంచిలో పట్టేది కాదు. గాజు పలకలు, రసాయనాల సీసాలు, నీళ్ళ తొట్టి, మూడు కాళ్ళ స్టాండు, పలకకి అక్కడికక్కడే మందు పూసి తడి ఆరకముందే తీసి కడగాలి కాబట్టి ఒక చీకటి గుడారం కూడా. ఎలా వాడాలో డబ్బు కట్టి నేర్చుకున్నాడు. ప్రయాణం చేయనే లేదు, కానీ ఈ బరువంతా ఎందుకు మోయాలి అన్న పట్టుదల మాత్రం వదల్లేదు. పగలు బ్యాంకు, రాత్రి వాళ్ళమ్మ వంటింట్లో ప్రయోగాలు. ముందు ఆరిన పలకలు తయారు చేసి అమ్మాడు, తర్వాత కాగితం మీద మందు పూసి చుట్టగా చుట్టాడు, 1888లో కొడాక్ పేరుతో కెమెరా తెచ్చాడు.

ఆ మొదటి కొడాక్‌లో నూరు ఫొటోలకి సరిపడా రీలు వేసే అమ్మేవాళ్ళు. తాడు లాగు, చెవి తిప్పు, మీట నొక్కు, అంతే. చూసుకోవడానికి అద్దం కూడా లేదు, పైన రెండు గీతలు ఉంటాయి, వాటి మధ్యలోకి ఏది వస్తే అది పడుతుంది. ఎన్ని తీశామో లెక్క మనమే చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఫొటోలు గుండ్రంగా వచ్చేవి, రెండున్నర అంగుళాల వెడల్పు. నూరూ అయ్యాక కెమెరా మొత్తాన్ని రోచెస్టర్‌కి పార్శిల్ చేస్తే, 10 డాలర్లు తీసుకుని వాళ్ళే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త రీలు పెట్టి తిప్పి పంపేవాళ్ళు. 'మీట మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం' అన్నది వాళ్ళ ప్రకటన.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ గారి స్టూడియో నడుస్తోంది, ఆరో నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ ఆయన. పెద్ద గాజు పలకలు, ఎంత తేటగా ఉంటాయో ఆ బొమ్మలు. కానీ ఆ కెమెరా ముందు నిలబడే అదృష్టం ఎవరికి ఉండేది? నవాబులకి, దొరలకి. ఒక మామూలు ఇంటి తల్లికి తన బిడ్డ బోర్లా పడిన రోజు ఎలా ఉన్నాడో దాచుకునే వీలు ఎక్కడా లేదు. కొడాక్ మార్చింది దాన్నే.

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 8:50

పలకబలపం గారూ, మీరు చెప్పినదంతా నిజమే గానీ చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోతున్నాను. ఆ కొడాక్ ఖరీదు 25 డాలర్లు. ఆ కాలంలో అమెరికాలో ఒక మామూలు కూలీకి అది కొన్ని వారాల సంపాదన. దానిపైన కడగడానికి ఇంకో పది. అది మామూలు తల్లి కొనే వస్తువు కాదు. సైకిలు, సెలవులు, విహారయాత్ర ఉన్నవాళ్ళ వస్తువు. తేలికైన కెమెరా వేరు, చవకైన కెమెరా వేరు. 1888లో వచ్చింది తేలిక. చవక రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది.

1900 ఫిబ్రవరిలో అదే కొడాక్ నుంచి మొదటి బ్రౌనీ వచ్చింది. ధర 1 డాలరు. ఆరు ఫొటోల రీలు 15 సెంట్లు. ఇంగ్లండులో 5 షిల్లింగులు. మొదటి ఏడాదిలోనే లక్షన్నరకి పైగా అమ్ముడుపోయాయి. ఫొటో అందరిదీ అయిన రోజు ఏదంటే నేను దాన్నే చెబుతాను.

ఎలా అంత తగ్గించారో చూడండి. ఒళ్ళు అట్టతో, లోపల కొద్దిగా చెక్క. లెన్స్ అంటే ఒకే ఒక్క గాజు బిళ్ళ, ఒకవైపు ఉబ్బుగా, ఒకవైపు లోతుగా ఉండేది, అంటే కళ్ళజోడు అద్దానికి దగ్గర చుట్టం. ఫోకస్ తిప్పే పని లేదు. రంధ్రం చిన్నది చేస్తే పది అడుగుల నుంచి కొండ దాకా అన్నీ సరిపడా స్పష్టంగా వస్తాయి, కాబట్టి ఫోకస్ యంత్రాంగమే అక్కర్లేదు. షట్టర్ ఒక రేకు బిళ్ళ, ఒక స్ప్రింగు. వేగం ఒక్కటే. ఏది తీసేసినా ఫొటో పడుతుందో దాన్నల్లా తీసేశారు. నా దృష్టిలో ఏదైనా కలపడం కంటే ఇలా తీసేయడం చాలా కష్టమైన పని.

మంచుఊరు | ఆదివారం ఉదయం 11:20

స్పూల్ ఉంది మాస్టారూ! చెక్క చుట్ట, రెండు వైపులా రేకు బిళ్ళలు. ఎవరో తీసిన ఆఖరి రీలు తాలూకు చుట్ట అయి ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ఏదోలా అనిపించింది.

నిన్న మా ఊళ్ళో ఈస్ట్‌మన్ ఇంటికి వెళ్ళాను, ఇప్పుడది మ్యూజియం. పదకొండేళ్ళుగా దాని ముందు నుంచే ఆఫీసుకు వెళ్తున్నాను. అక్కడ ఒకాయన బ్రౌనీని తయారు చేసినది బ్రౌనెల్ అని చెప్పాడు. అంటే ఆయన పేరే పెట్టారా?

పలకబలపం | ఆదివారం మధ్యాహ్నం 12:05

అందరూ అలాగే అనుకుంటారండీ. ఫ్రాంక్ బ్రౌనెల్ రోచెస్టర్‌లోనే కెమెరాలు చేసే పనివాడు, ఈస్ట్‌మన్ కోసం కొడాక్‌లు తయారు చేసిందీ ఆయన కార్ఖానానే. వీలైనంత చవకగా, కానీ నమ్మకంగా ఫొటో పడేలా ఒక డబ్బా చేసిపెట్టు అని ఈస్ట్‌మన్ అడిగితే చేసిచ్చాడు. పేరు మాత్రం ఆయనది కాదు. పామర్ కాక్స్ అనే కెనడా చిత్రకారుడు గీసిన బ్రౌనీలని పొట్టి బొమ్మలుండేవి, రాత్రిపూట వచ్చి ఇంటిపనులు చేసిపెట్టి పోయే చిన్న చిన్న దయ్యాలు, అప్పటి పిల్లలకి ప్రాణం. కెమెరా అట్టపెట్టె మీదా ఆ బొమ్మలే వేశారు. పదహారేళ్ళలోపు పిల్లల కోసం బ్రౌనీ క్లబ్బు కూడా పెట్టారు.

అంటే ఉద్దేశం పిల్లలు. పెద్దవాళ్ళకి ఇస్తే తప్పు తీస్తానేమో అని టెన్షన్, పిల్లలకి ఆ భయం లేదు. కొండల ఫొటోలకి పేరుపడ్డ అమెరికా ఫొటోగ్రాఫర్ అన్సెల్ ఆడమ్స్‌కి పద్నాలుగేళ్ళప్పుడు, 1916లో, కాలిఫోర్నియాలోని యోసెమిటీ కొండలకి వెళ్ళినప్పుడు వాళ్ళ తల్లిదండ్రులు చేతిలో పెట్టింది బ్రౌనీయే. ఆ కొండల్ని ఆయన జీవితాంతం వదల్లేదు.

మొదటి బ్రౌనీకి ఒక లోపం ఉండేది. వెనక మూత చెప్పుల డబ్బా మూతలా ఊడి వచ్చేది, సరిగా పట్టేది కాదు, వెలుతురు చొరబడితే రీలు పాడు. కొద్ది నెలల్లోనే మార్చి బందుతో తలుపులా చేశారు. ఆ మూత ఊడే రకం ఇప్పుడు ఎక్కడైనా దొరికితే కళ్ళకద్దుకోవచ్చు.

న్యాయంగది | ఆదివారం సాయంత్రం 4:40

ఇంతసేపూ ఒక్క పేరే వింటున్నాను, అందుకే రాయాలనిపించింది. అట్టడబ్బా బ్రౌనెల్‌ది సరే. దాని లోపల చుట్టుకునే ఫిల్ము ఎవరిది?

న్యూజెర్సీలోని న్యూవర్క్‌లో హానిబల్ గుడ్‌విన్ అని ఒక చర్చి ఫాదర్ ఉండేవాడు. పిల్లలకి బైబిల్ కథలు దీపపు తెర మీద చూపించేవాడు, గాజు పలకలు పగిలిపోతున్నాయని బాధ. పగలని, వంగే, పారదర్శకమైన ఫిల్ము కోసం ఇంటి అటక మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, 1887 మే నెలలో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. ఈస్ట్‌మన్ దగ్గర పనిచేసే హెన్రీ రైకెన్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త కూడా దాదాపు అదే పని చేసి 1889లో పేటెంటు తీసుకున్నాడు. వెనక వచ్చినవాళ్ళకి ముందు దక్కింది. ఫాదర్ గారి దరఖాస్తు ప్రశ్నలూ జవాబులూ సవరణలతో నలిగి నలిగి 1898 సెప్టెంబరులో మంజూరైంది. పదకొండేళ్ళు! ఫ్యాక్టరీ పెట్టుకుందామని మొదలుపెట్టాడో లేదో వీధిలో ప్రమాదం జరిగి, 1900 డిసెంబరు చివరి రోజున పోయాడు. బ్రౌనీ వచ్చిన సంవత్సరమే అది.

ఆ పేటెంటు ఆన్స్కో అనే కంపెనీ చేతికి వచ్చింది, కోర్టుకెళ్ళారు, ఏళ్ళు నడిచింది. చివరికి 1914లో కొడాక్ 50 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అప్పటికి ఫాదర్ పోయి పదమూడేళ్ళు దాటింది. ఎప్పుడు కేసు ఫైళ్ళు తిరగేసినా నాకు ఆయన గుర్తొస్తాడు. ఆలస్యమైన తీర్పు న్యాయమే, కానీ అది ఆయన చేతిలో పడలేదు.

రసాయనంటీచర్ | ఆదివారం సాయంత్రం 6:15

న్యాయంగది గారూ, ఇంకో పేరు కూడా కలపండి. శామ్యూల్ టర్నర్, బోస్టన్. మంచుఊరు గారి కెమెరా వెనక ఒక చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది చూడండి, అది ఆయన ఆలోచన. అంతకుముందు రీలు మార్చాలంటే చీకటి గది కావాలి. టర్నర్ ఏం చేశాడంటే ఫిల్ము వెనక నల్లటి కాగితం జతచేసి రెండు కొసలా పొడుగ్గా వదిలాడు, అది చుట్టుకుని ఉన్నంతవరకు ఎండలో నిలబడి కూడా రీలు వేసుకోవచ్చు. కాగితం మీద అంకెలు అచ్చు వేసి, వెనక కిటికీలోంచి కనిపించేలా పెట్టాడు. 1892లో ఆయన బుల్స్ ఐ కెమెరా వచ్చింది, 1895లో ఈస్ట్‌మన్ ఆ కంపెనీనే కొనేశాడు.

మా పిల్లలకి క్లాసులో ఎప్పుడూ అడిగే ప్రశ్న, కిటికీ ఎరుపు ఎందుకు? అప్పటి ఫిల్ములో ఉన్న వెండి లవణాలకి నీలం, ఊదా, కొంచెం పచ్చ తెలుసు. ఎరుపు తెలీదు. మనకి చీకటి ఎలాగో దానికి ఎర్ర వెలుతురు అలాగ. అందుకే డార్క్ రూములో ఎర్ర బల్బు, కెమెరాకి ఎర్ర కిటికీ. ఆ ఫొటోల్లో ఎర్ర చీర నల్లగా పడేదీ, నీలి ఆకాశం తెల్లకాగితంలా వచ్చేదీ ఇందుకే.

కానీ మంచుఊరు గారూ, జాగ్రత్త. ఇప్పటి నలుపు-తెలుపు ఫిల్ములకి ఎరుపు కూడా తెలుసు. మీ కిటికీ ఇక కాపలా కాయదు. దాని మీద నల్ల టేపు వేసి, రీలు తిప్పేటప్పుడు మాత్రం నీడలో నిలబడి తీసి చూసుకోండి.

ఇంకొక్క మాట, చెప్పకుండా ఉండలేను. ఫిల్ము మీది మందుని పట్టి ఉంచేది జెలటిన్, అంటే పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీసే జిగురు. కొన్నిసార్లు ఫిల్ము వెలుతురుకి చురుగ్గా ఉండేది, కొన్నిసార్లు మందకొడిగా, కారణం ఎవరికీ అంతుపట్టేది కాదు. 1920లలో కొడాక్ ల్యాబులో శామ్యూల్ షెపర్డ్ కనిపెట్టాడు, జెలటిన్‌లో రవ్వంత గంధక పదార్థం ఉంటే ఫిల్ము చురుకవుతోందని. అది ఎక్కడ నుంచి వస్తోంది? ఆ పశువులు మేసిన ఆవ మొక్కల నుంచి. మన పోపుల డబ్బాలో ఘాటు పుట్టించే పదార్థమే.

మంచుఊరు | ఆదివారం రాత్రి 8:00

ఆవాలు! మా ఆవిడకి చదివి వినిపించాను, పోపు వేస్తూ ఆగిపోయింది.

నల్ల టేపు వేశాను టీచరుగారూ. రీలు ఆర్డరు పెట్టాను, బుధవారం వస్తుంది.

రీలుమాస్టారు | సోమవారం ఉదయం 5:50

అందరూ కెమెరా చేసినవాళ్ళ గురించీ ఫిల్ము చేసినవాళ్ళ గురించీ చెప్పారు. కడిగేవాడి వైపు నుంచి నేను చెబుతాను. 'మిగతాది మేం చూసుకుంటాం' అన్నారు కదా, ఆ మిగతాదే అసలు పని. 1891లో లండన్ దగ్గర హారోలో పెట్టిన ఫ్యాక్టరీ ఫొటోలు చూడండి, ప్రింటు చట్రాల్ని వరసగా ఎండలో పెట్టి, కాగితం ఎంత రంగు తిరిగిందో చూసుకుంటూ నిలబడినవాళ్ళంతా ఆడపిల్లలే. ఇంటి తల్లి మీట నొక్కగలిగిందంటే ఎక్కడో ఇంకో ఆడపిల్ల ఎండలో నిలబడింది కాబట్టి. ఏ చరిత్రలోనూ వాళ్ళ పేర్లుండవు.

మన దగ్గర ఆ డబ్బా కెమెరా పాత్ర వేసింది అగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్ళు తయారు చేసేవారు. అదే 120 రీలు, పన్నెండు చదరపు ఫొటోలు. లెన్సు దగ్గర ఒక మీట, దానికి ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ. చదువు రానివాడికి కూడా అర్థమయ్యేది. పెళ్ళిచూపులకి, తిరపతి ప్రయాణానికి, తాతగారి షష్టిపూర్తికి ఊళ్ళో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఒక క్లిక్ త్రీ ఉండేది, అడిగి తెచ్చుకునేవాళ్ళు. రీలేమో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వాళ్ళ ఇందు.

పన్నెండే ఫొటోలు కదా, ఎంత ఆలోచించి తీసేవాళ్ళో. ఒకాయన పదకొండు తీసి, ఆఖరిది ఉంచుకుని ఆరు నెలలు ఆగాడు, కూతురికి బిడ్డ పుట్టేదాకా. ఆ రీలు నేనే కడిగాను. పదకొండూ సగం పొగబారాయి, పన్నెండోది మాత్రం నిలబడింది. తడి నెగిటివ్ వెలుతురుకి పట్టుకుని చూపిస్తే ఆయన అందులో పాపాయిని వెతుక్కున్నాడు. నెగిటివ్‌లో ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది కదా, అయినా గుర్తుపట్టేశాడు.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. ఒకసారి నాకు రీళ్ళు సరఫరా చేసే షాపతను తేదీ దాటినవి కొత్త అట్టల్లో పెట్టి అంటగట్టాడు. ఒక పెళ్ళి మొత్తం పోయింది. వాళ్ళకి ఏం చెప్పినా తక్కువే. అప్పటినుంచి ప్రతి రీలు తేదీ లోపలి రేపర్ మీద కూడా చూసి కొనేవాణ్ణి.

నాణేలపెట్టె | సోమవారం ఉదయం 9:30

నేను కెమెరాల మనిషిని కాదు, నాణేలు పోగు చేస్తాను. అగ్ఫా పేరు వచ్చింది కాబట్టి నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి.

1932, జర్మనీ. డబ్బులేక జనం అల్లాడుతున్న రోజులు. అగ్ఫా ఒక డబ్బా కెమెరాని 4 మార్కులకి ఇస్తామంది, కానీ ఒక షరతు. జర్మన్ నాణెం మీద అది ఏ టంకశాలలో పడిందో చెప్పే అక్షరం ఉంటుంది. బెర్లిన్‌ది ఎ, కార్ల్స్‌రూఎది జి, స్టుట్‌గార్ట్‌ది ఎఫ్. నాలుగు ఒక్క మార్కు నాణేలు తీసుకురండి, వాటి మీది అక్షరాలు వరసగా పెడితే ఎ, జి, ఎఫ్, ఎ అని రావాలి. అంటే కంపెనీ పేరు! ఊరంతా జేబులు దులిపి, చిల్లర మార్చుకుని ఆ నాలుగూ వెతుక్కున్నారు. ఆ కెమెరాలు దాదాపు 9 లక్షలు పోయాయి. నా దగ్గర ఆ కాలపు ఎ నాణేలు రెండున్నాయి, ఎఫ్ ఉంది. జి కోసం వెతుకుతున్నాను.

గోదారిగట్టు | సోమవారం మధ్యాహ్నం 1:15

నాణేలపెట్టె గారి కథ అద్భుతం. కానీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 4 మార్కులకి, 1 డాలరుకి కెమెరా ఇస్తే వాళ్ళకేం మిగులుతుంది? కెమెరాలో కాదు, రీలులో మిగులుతుంది. డబ్బా ఒకసారి కొంటారు, రీలు జీవితాంతం. 1930లో కొడాక్ తన యాభయ్యో ఏడు పేరుతో, ఆ సంవత్సరం పన్నెండేళ్ళు నిండే పిల్లలకి కెమెరా, ఒక రీలు ఉచితంగా పంచింది, 5 లక్షలకి పైగా. ఆ రీలు అయిపోయాక రెండోది ఎవరు కొంటారు?

దీని చెడ్డ వైపు కూడా ఉంది. 1930ల మొదట్లో కొడాక్ 620 అని ఇంకో రీలు తెచ్చింది. ఫిల్ము అచ్చంగా 120దే, అంగుళం తేడా లేదు. చుట్ట మాత్రం సన్నం, అంచులు చిన్నవి. అంటే 620 కెమెరా కొన్నవాళ్ళకి 120 పట్టదు. ఇప్పుడా 620 రావడం ఆగిపోయింది, అవి ఉన్నవాళ్ళు చీకట్లో కూర్చుని 120 ఫిల్ముని పాత చుట్టకి ఎక్కించుకోవాలి. నా దగ్గర ఒకటుంది, ప్రతిసారీ కంబళి కప్పుకుని చేస్తాను, ఈ పని పెట్టినందుకు నాకు ఇప్పటికీ కోపమే.

న్యూయార్క్‌లో యూనివెక్స్ అని 1933లో వచ్చింది, 39 సెంట్లే. బహుశా అంత చవకైనది ఇంకొకటి లేదు. దాని రీలు 10 సెంట్లు, వాళ్ళది తప్ప ఇంకేదీ పట్టని చుట్ట, తయారయ్యేది బెల్జియంలో. యుద్ధం వచ్చి బెల్జియం నుంచి సరఫరా తెగిపోయేసరికి లక్షల ఇళ్ళలో కెమెరా బల్ల మీద ఉంది, వేయడానికి రీలు లేదు. అందుకే మంచుఊరు గారి డబ్బా గొప్పదంటాను.

అట్టకథలు | సోమవారం రాత్రి 9:45

ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేదాన్ని, ఇవాళ రాయాలనిపించింది.

1912 ఏప్రిల్. బెర్నీస్ పామర్ అనే పదిహేడేళ్ళ కెనడా అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి న్యూయార్క్ నుంచి కార్పేథియా ఓడలో బయల్దేరింది. చేతిలో కొత్త బ్రౌనీ. అర్ధరాత్రి ఆ ఓడ దారి మళ్ళి టైటానిక్ వైపు పరుగెత్తింది. తెల్లారేసరికి చుట్టూ మంచుకొండలు, పడవల్లోంచి పైకి ఎక్కుతున్న మనుషులు. ఆ అమ్మాయి మంచుకొండని తీసింది, డెక్కు మీద కంబళ్ళు కప్పుకుని కూర్చున్నవాళ్ళని తీసింది. ఆ ఓడలో ఒక పిల్ల దగ్గర డబ్బా కెమెరా ఉండబట్టి ఆ ఉదయం మనకి మిగిలింది. ఒడ్డుకి వచ్చాక ఒక వార్తాచిత్రాల కంపెనీ 10 డాలర్లిచ్చి హక్కులు తీసుకుంది. కెమెరా, ఆ ఫొటోలు ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ ఫొటోలు అంత గొప్పగా ఏమీ లేవు, కొంచెం వంకరగా, కొంచెం మసగ్గా ఉంటాయి. కానీ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

న్యాయంగది | మంగళవారం ఉదయం 7:25

అట్టకథలు గారు చెప్పినదానికి రెండో ముఖం ఉంది. ఎవరి చేతిలోనైనా కెమెరా ఉంటే, ఎవరినైనా అడక్కుండా తీయొచ్చు. బీచిలో, వీధిలో, తలుపు సందులోంచి. 1890లోనే బోస్టన్‌కి చెందిన వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు హార్వర్డ్ పత్రికలో వ్యాసం రాస్తూ, క్షణంలో ఫొటో తీసే సాధనాలూ పత్రికలూ ఇంటి గడప లోపలికి వచ్చేశాయి, మనిషిని తన మానాన వదిలేయాలనే హక్కుని చట్టం కాపాడాలి అన్నారు. కొడాక్ వచ్చి అప్పటికి రెండేళ్ళే. మనవాళ్ళు ఇప్పుడు ఫోన్ల గురించి వాదిస్తున్నదంతా ఆ డబ్బాతోనే మొదలైంది.

మంచుఊరు | శనివారం మధ్యాహ్నం 3:30

రీలు బుధవారమే వచ్చింది, వాన వల్ల ఇవాళ్టి దాకా ఆగాను. ఐఎస్‌ఓ 100 (వెలుతురుకి ఫిల్ము ఎంత చురుకో చెప్పే అంకె) నలుపు-తెలుపు.

వేసిన విధానం రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. తాళంచెవి బయటికి లాగి లోపలి పెట్టె తీశాను. కొత్త చుట్ట ఒకవైపు పెట్టి, కాగితం కొసని పెట్టె వెనక మీదుగా చుట్టి తెచ్చి, ఆ పాత చెక్క స్పూల్ చీలికలో దూర్చాను. మొదటిసారి జారిపోయింది. రెండోసారి కొస మడిచి దూరిస్తే పట్టింది. పెట్టెని లోపలికి తోసి, చెవి నొక్కి, తలుపు వేసి, చెట్టు కింద నిలబడి టేపు ఎత్తి తిప్పడం మొదలుపెట్టాను. ఎర్ర కిటికీలో ముందు ఖాళీ కాగితం, తర్వాత చుక్కలు, ఆ తర్వాత మెల్లగా జరుగుతూ వచ్చి సరిగ్గా నడిమధ్యలో 1 నిలబడింది! ఇవాళ్టి ఫ్యాక్టరీలో అచ్చయిన అంకె, నూరేళ్ళ కిందటి కిటికీలో, వెంట్రుకవాసి కూడా పక్కకి పోకుండా. చేతులు వణికాయంటే నమ్మండి.

ఎండ ఎక్కువ ఉంది కాబట్టి పైనున్న రేకు ఒక మెట్టు లాగి చిన్న రంధ్రం పెట్టాను. కెమెరా పొట్టకి ఆనించి, పై అద్దంలోకి వంగి చూశాను. బొమ్మ తపాలా బిళ్ళంత, మసగ్గా, కుడిఎడమలు తారుమారు. మా అమ్మాయి కుడివైపు పరుగెడితే అద్దంలో ఎడమవైపు పోతోంది. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. టక్.

ఎనిమిదీ అయిపోయాయి. ఇక్కడ ఒక చిన్న ల్యాబులో ఇచ్చాను.

రీలుమాస్టారు | శనివారం సాయంత్రం 5:05

ప్రతి ఫొటో తర్వాత తిప్పావా? ఆ కెమెరా గుర్తు చేయదు. తిప్పకపోతే ఒకదాని మీద ఒకటి పడుతుంది.

మంచుఊరు | గురువారం రాత్రి 9:20

నెగిటివ్‌లు వచ్చాయి. మాస్టారు అన్నట్టే అయింది, నాలుగోది తిప్పడం మరిచిపోయాను. మా ఇంటి మెట్లూ, పక్కింటి ముసలాయన కుక్కా కలిసిపోయాయి. ఒకటి దగ్గర నుంచి తీసి మసకైంది, పది అడుగుల మాట నిజం. ఒకదానికి మూల నుంచి వెలుతురు చారలా పడింది, అట్ట ఎక్కడో విడిచి ఉంది, వెతకాలి.

మిగతా ఐదూ బాగున్నాయి. అన్నిటికంటే మా అమ్మాయి ఈస్ట్‌మన్ ఇంటి ముందు పచ్చికలో నిలబడినది. మధ్యలో ముఖం తేటగా ఉంది, అంచులకి పోయేకొద్దీ చెట్లు మెత్తగా కరిగిపోతున్నాయి. ఎండకి కళ్ళు చికిలించి చూస్తోంది. నెగిటివ్ పెద్దది కదా, ఎన్‌లార్జ్ చేయకుండా అలాగే కాగితం మీద పెట్టి అదే సైజు ప్రింటు వేయించాను. అరచేతిలో సరిపోయింది.

రెండో రీలు కొన్నాను. ఈసారి పాప చేతికే ఇస్తున్నాను, దానికి తొమ్మిదేళ్ళు. మాస్టారూ, మబ్బుగా ఉంటే రేకు పూర్తిగా కిందికే ఉంచాలి కదా?

రీలుమాస్టారు | శుక్రవారం ఉదయం 5:40

పూర్తిగా కిందికే. కెమెరాని బల్ల మీదో గోడ మీదో ఆనించమను. తిప్పడం నువ్వు గుర్తు చేయకు, అంకె పాపనే చూసుకోనీ.